రిబ్బను కట్టిన గది

“కదలకమ్మా, ఇంకొక్క చుట్టు,” అంటూ కట్ల నర్సు తడి పిండిగుడ్డను ఆమె కుడి మణికట్టు మీదుగా తిప్పింది. పొద్దున్నుంచి ఇది పదకొండో కట్టు. బయట వరుసలో ఇంకా ఇరవైమంది ఉన్నారు. సగంమంది ఉద్యోగులు రోగుల్ని వదిలేసి కుర్చీలు తుడుస్తున్నారు. పెద్దలు వస్తున్నారట, ఆసుపత్రిని మెచ్చుకోవడానికి.

కట్టు వేయించుకుంటున్నామె బట్టలు కుట్టి బతికే మనిషి. ఈ ఏడాదిలో ఆమె ఈ బల్ల మీద కూర్చోవడం మూడోసారి. మొదట పక్కటెముక, తర్వాత చెవి, ఇప్పుడు కుట్టుపని చేసే చెయ్యి. మూడుసార్లూ “జారిపడింది” అనే రాశారు. చెప్పింది మాత్రం ఆమె కాదు, పక్కనే నిలబడ్డ మొగుడు.

“మా ఇంట్లో మెట్లు నున్నగా ఉంటాయండీ. ఎన్నిసార్లు చెప్పినా చూసుకోదు,” అన్నాడతను. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, మాటలో తేనె.

“కిందటిసారి స్నానాలగది అన్నారు.”

“అదీ నున్నగానే ఉంటుంది,” అని నవ్వాడు.

నర్సు నవ్వలేదు. బల్ల మీదున్న ఫారం తీసింది. ‘ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా కొడుతున్నారా? లేదు. ఇంట్లో ఎవరికైనా భయపడుతున్నారా? లేదు.’ అయిదు ప్రశ్నలకీ అయిదు లేదులు. ముత్యాల్లాంటి అక్షరాలు.

“ఇది నువ్వే రాశావా తల్లీ?”

“నేనే రాశానండీ,” అన్నాడు మొగుడు. “చెయ్యి విరిగింది కదా, తనెలా రాస్తుంది? నా చేతిరాత బాగుందని చీటీలిచ్చే గుమస్తాగారు వరుసలో ఇంకో నలుగురికి కూడా రాయించుకున్నారు.”

దొంగచేతికి తాళాలివ్వడం విన్నాం. తాళాలిచ్చి, పక్కిళ్ళవి కూడా చూసిపెట్టమని బతిమాలుకోవడం ఈ ఆసుపత్రిలోనే చూడాలి.

అసలు సంగతి ఏమిటంటే, ఆర్నెల్ల కిందట పైనుంచి ఒక పుస్తకం వచ్చింది. ఇంట్లో దెబ్బలు తిని వచ్చేవాళ్ళతో వైద్యులూ నర్సులూ ఎలా మాట్లాడాలో, ఏం చెయ్యాలో అందులో ఉంది. సంగతి తెలిసినవాళ్ళు కష్టపడి రాసిన పుస్తకం. తొమ్మిదో పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది: ఆమెను ఒంటరిగా అడగండి, తలుపు మూసి అడగండి, వెంట వచ్చినవారి ముందు అడగవద్దు. ఇక్కడి పెద్ద డాక్టరు తొమ్మిదో పేజీ దాకా వెళ్ళలేదు. ఆయన్ని అందరూ మీటింగుల డాక్టరు అంటారు. రోగి నాడి పట్టుకుని ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. పుస్తకం చివర అయిదు ప్రశ్నలు కనబడ్డాయి. చించి, నకళ్ళు తీయించి, చీటీల కిటికీ దగ్గర పెట్టించాడు. మూడు నెలల్లో నాలుగొందల పన్నెండు ఫారాలు పోగయ్యాయి. అన్నిట్లోనూ ‘లేదు.’ ‘మా దగ్గరకొచ్చే స్త్రీలలో హింస పూర్తిగా శూన్యం’ అని పైకి రాసి పంపించాడు. పైవాళ్ళు నమ్మారు. అక్కడా తొమ్మిదో పేజీ చదివినవాడు లేడన్నమాట.

నర్సు ఆ పుస్తకం చదివింది. చదివి, డాక్టరు దగ్గరికి వెళ్ళి అడిగింది కూడా.

“సిస్టర్, అది రాసినవాళ్ళకి మన వరుస ఎంత పొడుగో తెలుసా?” అన్నాడాయన. “మీరు తలుపు తలుపు అంటున్నారనేగా గది కట్టించాం. ఇంకేం కావాలి?”

గది నిజమే. కట్ల గదికి ఎదురుగా, గడియతో సహా ఉంది. తొమ్మిది రోజులుగా దాని తలుపుకి అడ్డంగా ఎర్ర రిబ్బను ఉంది. పెద్దలొచ్చి కత్తిరించేదాకా లోపలికి ఎవరూ పోకూడదట. పైన పటారం, లోన లొటారం. ఆ తొమ్మిది రోజులూ దెబ్బలతో వచ్చినవాళ్ళు తెర పక్కన, మొగుళ్ళ ముందే కట్లు కట్టించుకుని వెళ్ళిపోయారు. నర్సు కూడా ఆ ఫారాల్ని వరుసగా పేర్చి దారం కట్టింది. ఆ సిగ్గు ఆమెను ఇంకా వదల్లేదు.

“ఇక వెళ్దామాండీ?” అన్నాడు మొగుడు.

“పిండి ఆరాలి. పావుగంట పడుతుంది,” అంది నర్సు. “ఇక్కడ కాదు, ఎదుటి గదిలో కూర్చోవాలి. మీరు రాకూడదు.”

“నేనెందుకు రాకూడదు? నా పెళ్ళాం!”

“చెయ్యి ఆమెది.”

నర్సు ఫారం, పెన్ను జేబులో వేసుకుని, కుట్టుపనామెను భుజం పట్టి వరండాలోకి నడిపించింది. చీటీల గుమస్తా పరిగెత్తుకొచ్చాడు.

“అమ్మగారూ, అయ్యో, రిబ్బను! పెద్దలింకా రాలేదు!”

“వచ్చాక ఇంకోటి కట్టుకోండి.”

జేబులోంచి పిండి అంటుకున్న కట్ల కత్తెర తీసి కత్తిరించింది. లోపలికి వెళ్ళి గడియ వేసింది.

రెండు కుర్చీలు, ఒక బల్ల, ప్లాస్టిక్ పూలు. బల్ల మీద అదే పుస్తకం కొత్త ప్రతి, పై కాగితం కూడా విప్పకుండా.

“గడియ పడిందా అక్కా?”

“పడింది.”

“ఇంకోసారి చూడండి.”

నర్సు లేచి చూసి వచ్చింది. ఇరవైరెండేళ్ళ ఉద్యోగంలో తానిప్పుడు అడగబోయే ప్రశ్న ఎవర్నీ ఒంటరిగా అడగలేదని అప్పుడు తట్టింది. “చెయ్యి ఎలా విరిగిందో నువ్వు చెప్పమ్మా. చెప్పాలనుంటేనే. నువ్వు సరేననకుండా ఆ సంగతి ఇక్కణ్ణుంచి బయటికి పోదు.”

ఆమె ప్లాస్టిక్ పూలని పక్కకి జరిపింది.

“చెప్పాక ఇంటికే కదా పోవాలి నేను?”

“పోతావో పోవో నువ్వే తేల్చుకో. వద్దనుకుంటే ఉండడానికి చోటుంది. ఇప్పుడే ఫోన్ చేద్దాం.” నర్సు పుస్తకం మీది కాగితాన్ని చింపి, ఆ చోటు ఫోన్ నంబరున్న పేజీ తెరిచి ముందు పెట్టింది, జేబులోని ఫారం, పెన్ను తీసి పక్కన పెట్టింది.

తలుపు దడదడలాడింది. “ఏమేవ్! బయటికి రా!” ఆ వెనకే మీటింగుల డాక్టరు గొంతు. “సిస్టర్! ఏం చేస్తున్నారు? వాళ్ళు కారు దిగుతున్నారు! ముందు తలుపు తీయండి!”

కుట్టుపనామె ఉలిక్కిపడి లేచింది. తలుపుకేసి చూసింది, నర్సుకేసి చూసింది. మళ్ళీ కూర్చుంది. ఎడంచేత్తో పెన్ను అందుకుని, ఫారాన్ని కట్టు బరువుతో నొక్కిపట్టి, మొదటి ‘లేదు’ మీద గీత కొట్టింది. కాగితం చిరిగింది.

“సిస్టర్!”

నర్సు పిండికట్టు మీద వేలు పెట్టి చూసింది. అది రాయిలా గట్టిపడి ఉంది.

“ఇంకా ఆరలేదండీ,” అంది గట్టిగా.

కుట్టుపనామె పెన్నును రెండో ప్రశ్న దగ్గరికి జరిపింది.