నడుం వంగిన కప్పు

ఈ ఇల్లు మా మామగారి తండ్రి కట్టించాడు. వందేళ్ళయింది. చూసినవాళ్ళు నాలుగొందల ఏళ్ళంటారు. ఆయనకు కావలసిందీ అదే. పాతకాలపు ఇంగ్లీషు ఇళ్ళలోలా తెల్లటి గోడల మీద నల్లటి దూలాలు నిలువుగా, ఏటవాలుగా కనిపిస్తాయి. అవి దూలాలు కావు, పైన బిగించిన చెక్కలు. ఏమీ మోయవు. కిటికీలనిండా అరచేతంత గాజుముక్కలు. ఇల్లంతా ముసలివేషం. నాకు వేషాలు గిట్టవు. నా భార్యకు ఈ ఇల్లంటే ప్రాణం. ఆమె పోయాక ఇక్కడ నేనూ, ఆమె అక్కా మిగిలాం. వదినకు నేనంటే పడదు. నాకూ అంతే.

వెడల్పు చేయబోయే రోడ్డు గీత మా ముందుగది మీదుగా పోయింది. పాత కట్టడమని ఆఫీసు ఒప్పుకుంటే గీత జరుగుతుంది. లేకపోతే ఇల్లు కూలుతుంది. చూడటానికి ఆఫీసరు వస్తున్నారని కబురందింది.

మా కప్పు నడిమధ్య కుంగి ఉండేది. కుంగిన కొంపను ఎవరు ఒప్పుకుంటారు? వడ్రంగిని పిలిచి, కప్పు నెత్తిన ఉండే వెన్నుదూలం కింద చెక్కదిమ్మలు పెట్టించాను. దారం పట్టినట్టు తిన్నగా నిలిచింది.

ఆఫీసరమ్మ వచ్చింది. గేటు దగ్గరే ఆగి, చేతిలోని మా ఇంటి పాత ఫోటోనూ కప్పునూ మార్చి మార్చి చూసింది. మొహం చిన్నబోయింది.

"కప్పు ఎవరు ముట్టుకున్నారండీ?"

"నేనే. కుంగితే సరిచేయించాను."

"ఇంకెవరు!" అంది వదిన. "మా మరిదికి వంకరంటే ఒళ్ళుమంట. నేను కాస్త ఒరిగి కూర్చున్నా ఊరుకోడు."

ముగ్గురం అటక ఎక్కాం. ఆఫీసరమ్మ టార్చి వేసింది.

"చూడండి. చివర్ల వాసాలు పొడుగు. మధ్యకు వచ్చేకొద్దీ పొట్టి. పాతింటిలా కనపడాలని కొలిచి కోసి, కావాలనే కుంగదీశారు. ఈ ఊళ్ళో ఇలాంటి ఇల్లు ఇదొక్కటే. ఇలా తిన్నగా ఉంటే మాత్రం నేను సంతకం పెట్టలేను."

నేను ఒక పొట్టి వాసాన్ని జానలతో కొలిచి చూశాను. వదిన అందుకుంది.

"మా తాత పనిగట్టుకుని వంచితే నువ్వు ఇస్త్రీ చేశావా నాయనా!"

"దిమ్మలు తీస్తే దిగుతుందా?" అని ఆఫీసరమ్మను అడిగాను.

"దిగాలి. ఆగుతాను."

వడ్రంగి వచ్చి తల గోక్కున్నాడు. "పెట్టమన్నదీ మీరే, తీయమన్నదీ మీరే. రేపు పెంకులు బోర్లా పరవమంటారా బాబుగారూ?"

"నోరు మూసుకుని కొట్టు."

అతను సుత్తితో కొడుతుంటే నేను దిమ్మలు లాగాను. వదిన వీధిలో నిలబడి కేకలు పెట్టింది.

"ఇంకాస్త! ఎడమపక్క బిగుసుకునే ఉంది, అచ్చం నీలాగే!"

దారినపోయేవాళ్ళూ ఆగారు. చాలంటే చాలదని వాళ్ళలో వాళ్ళే తగువు. ఒక పెంకు జారి పూలకుండీలో పడింది. ఆఖరి దిమ్మ ఊడిరాగానే కప్పు మూలిగి, నెమ్మదిగా దిగి కుదురుకుంది. వీధిలో చప్పట్లు మోగాయి.

నేను దిగేసరికి ఆఫీసరమ్మ సంతకం పెడుతోంది. రోడ్డే పక్కకు జరుగుతుందట.

వదిన పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "చెల్లి ఉంటే నిన్ను ఏడాదిపాటు ఏడిపించేది!"

నాకూ నవ్వొచ్చింది. దుమ్ముకు దగ్గొచ్చిందన్నాను.

వదిన నమ్మలేదు.