బొజ్జన్న సూటు విప్పిన రోజు

బొజ్జన్న ఎడమకాలు సూటులో పెట్టేసరికి ఇద్దరు పిల్లలు బల్లకిందకు దూరారు. నిన్న అయిదుగురు దూరారు. అంటే పని బాగానే సాగుతోందని టీచరమ్మ మెచ్చుకుంది. కుడికాలు దూరక ఒంటికాలి మీద గెంతుతున్న మనిషికి మెచ్చుకోళ్ళు చెవికెక్కుతాయా?

మాయరోగం రోజుల్లో అతను ఇళ్ళనుంచి ఆసుపత్రికి స్ట్రెచర్ మోసేవాడు. తెల్లసూటు, పెద్ద కళ్ళద్దాలు, మూతికి మాస్కు. ఆ వేషం ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంట్లో ఒకరు తక్కువయ్యేవారు. రోగం పోయింది గానీ, తెల్లబట్ట కనిపిస్తే చాలు, పిల్లలు హడలిపోతున్నారు. అందుకే రోజూ పొద్దున్నే బడిలో ఈ తంతు: వాళ్ళ కళ్ళముందే సూటు తొడగాలి, విప్పాలి, లోపలున్నది మనిషేనని చూపించాలి. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో తనని ఇంత శ్రద్ధగా ఎవరూ చూడలేదని భార్య దగ్గర గొప్పలు పోయాడు. ఆ బొజ్జ కాస్త లోపలికి పీల్చుకోమని ఆవిడ సలహా ఇచ్చింది.

ఒక్క పిల్ల మాత్రం గోడవైపు తిరిగే కూర్చునేది. ఏడేళ్ళది. తిరిగిరాని దాని తల్లిని ఆసుపత్రికి మోసింది బొజ్జన్నే. ఆనాటినుంచి పిల్ల నోట మాట లేదు. ఇవాళ మధ్యాహ్నం పిన్ని వచ్చి తీసుకెళ్ళిపోతుంది. ఈలోగా తన మొహం చూడకపోతే, జన్మంతా దాని కళ్ళల్లో ఆ తెల్లదెయ్యమే మిగిలిపోతుందని అతని బెంగ.

సరిగ్గా ఇవాళే, విప్పబోతే జిప్పు బొజ్జ దగ్గర బిగుసుకుంది. లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. ఊపిరి బిగబట్టాడు, ఎగిరాడు, చివరికి చాపమీద పడి దొర్లాడు. బల్లకింద వాళ్ళు కూడా బయటికొచ్చి పడీపడీ నవ్వారు. టీచరమ్మ కత్తెర కోసం పరుగెత్తింది.

ఆ గోలకి గోడవైపు పిల్ల ఇటు తిరిగింది. కాసేపు చూసి, ఇక లాభం లేదనుకుందేమో, లేచి వచ్చింది. ఒక జడ రిబ్బను ఊడదీసి, పిడి ఊడిన చోట దూర్చి, ముడేసి, రెండు చేతులా లాగింది. చెమటలు కక్కుతూ బయటపడ్డ బొజ్జన్న కళ్ళద్దాలు, మాస్కు తీసేశాడు.

"అమ్మని తీసుకెళ్ళింది నువ్వేనా?" అంది పిల్ల.

కాదందామనుకున్నాడు. నోరు రాలేదు.

"నేనేనమ్మా. దారంతా మీ అమ్మ మాటలు నీ జడ గురించే. గట్టిగా వెయ్యడం ఇంకెవరికీ రాదని ఒకటే గొడవ."

పిల్ల ఊడిన జడని భుజం మీదికి లాక్కుంది.

"పిన్నికీ రాదు," అంది.

బొజ్జన్నకి ఏడుపు తన్నుకొచ్చింది. చెమట తుడుచుకుంటున్నట్టు మొహమంతా తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం ఆ పిల్ల ఒక జడ విరబోసుకుని, పిన్ని చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం బొజ్జన్న సూటు ఉతికి ఆరేశాడు. ముడి మాత్రం విప్పలేదు. జిప్పుకి వేలాడుతూ ఎర్ర రిబ్బను బొట్లు బొట్లుగా నీళ్ళు కారుస్తోంది.