చప్పుడే కబురు

మైదా జిగురు సరిగ్గా ఉడికిందో లేదో గాసి రెండు వేళ్ళ మధ్య పెట్టి చూసుకున్నాడు. తీగ సాగింది. డబ్బాను గొయ్యి గోడకు ఆనించి, పాత కాగితాలను ముక్కలుగా చించి తొడ కింద అదిమి పెట్టుకున్నాడు. టైడా అవతలి కొండల నడుమ ఉన్న పోలీసుల కాల్పుల మైదానంలో ఇరవై రెండేళ్ళుగా అతని పని ఇదే. మనిషి లోతు గొయ్యిలో కూర్చోవాలి. నెత్తి మీద చట్రానికి అతికించిన మనిషి బొమ్మ నిలబడి ఉంటుంది. అయిదు గుళ్ళు పేలాక బొమ్మను దించి, చిల్లులు ఎక్కడెక్కడ పడ్డాయో వాకీటాకీలో చెప్పి, వాటి మీద కాగితం అతికించి మళ్ళీ పైకెత్తాలి.

యాభై ఆరేళ్ళ మనిషి. పొట్టిగా, పీచులా ఉంటాడు. గోళ్ళ చుట్టూ జిగురు ఎండి తెల్లబారి ఉంటుంది. ఇన్నేళ్ళుగా తల ముడుచుకుని కూర్చోవడంతో భుజాలు చెవుల దాకా లేచి, అక్కడే ఉండిపోయాయి. సంతలో నడుస్తున్నా అంతే.

గాసి భయస్తుడు. ఇందులో దాపరికమేమీ లేదు. వేసవిలో వచ్చే ఇటుకల పండక్కి ఊళ్ళో మగవాళ్ళంతా వేటకు వెళ్ళి, ఏదో ఒకటి కొట్టి తేవాలి. ఉత్త చేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు పోస్తారు. గాసి ఏటా తడిసేవాడు. అందరికంటే ఎక్కువ పోసిన పిల్ల చిట్టెమ్మ. ఆ మరుసటేడు అతన్నే చేసుకుంది. "పిరికోడైతే ఇంటికి బేగి వొత్తాడు" అని నవ్వేది. కానిస్టేబుళ్ళు వేళాకోళం చేస్తే గాసి మాత్రం, "బయ్యం నేని కోడి బజార్లో గుడ్డెట్టిందంట బాబూ" అని తప్పుకునేవాడు.

ఆ భయానికి మంచి చెవులు ఉన్నాయి. పేలిన చప్పుడును బట్టి ఏ తుపాకీయో, ఎన్నో గుండో చెప్పేవాడు. చప్పుడు వినబడిందంటే ఆ గుండు తనది కాదని అతని లెక్క. ఆ లెక్క మీదే ఇన్నేళ్ళు బతికాడు.

అతనొక్కడే కాదు. మైదానం చివర మట్టికట్ట, దాని వెనక కొండ. ఆ కొండ మీద అడ్డాకులు కోసుకునే ఆడవాళ్ళకు ఇవాళ కాల్పులున్నాయని ఎవరూ ఏనాడూ చెప్పలేదు. ఎర్ర జెండా ఎగరేస్తారు, కానీ చెట్ల సందున పైకి కనబడదు. చప్పుడే కబురు. మొదటి గుండు పేలగానే వాళ్ళు కత్తులు నడుముకు దోపుకుని అవతలి గెడ్డవాగులోకి దిగిపోతారు. అది ఎవరూ రాయని, ఎవరూ తప్పని కట్టుబాటు.

ఆ పొద్దున అంబలి తాగి చిట్టెమ్మ కూడా కొండెక్కింది. ఏ రోజు కాల్పులుంటాయో మైదానానికి వెళ్తేగాని గాసికీ తెలియదు. "కాలుపులున్నాయేమోనే" అని అతనంటే, "మోగితే దిగిపోతాన్లే" అంది.

గొయ్యిలోకి దిగబోయేముందు కానిస్టేబుల్ పైడిరాజు అతని చెవిలో చెప్పాడు. "రష్యా తుపాకీ మావా. స్పెషల్ పార్టీకి పనికొత్తాదో నేదో సూడ్డానికి అట్టుకొచ్చినారు. మోగదట."

"తుపాకీ మోగకపోడమేటి?" అని గాసి నవ్వేశాడు. రోజూ ఆటపట్టించే మనిషే కదా.

ఇప్పుడు గొయ్యిలో కూర్చుని చెవులు రిక్కించాడు. ఏమీ లేదు. లోయ అవతల గూడ్సు బండి సొరంగంలోకి దూరుతున్న చప్పుడు. నెత్తి మీద ఎవరో ఊపిరి వదిలినట్టు చిన్న గాలి, కాసేపాగి మరోసారి. పిట్టలనుకున్నాడు.

వాకీటాకీ పలికింది. "రెండూ ఎక్కడ పడ్డాయి?"

"ఇంకా పేల్చనేదు కద బాబూ?"

అటువైపు పెద్దగా నవ్వులు. గాసి బొమ్మను దించి చూశాడు. ఒక్క చిల్లు కూడా లేదు. అరచేత్తో తడిమాడు. కాగితం నున్నగా ఉంది.

"బొమ్మ మీద పడనేదు బాబూ."

"తుపాకీ సైటు ఎత్తుగా ఉంది, దించండి" అని ఆఫీసరు గొంతు ఎవరికో చెబుతోంది.

బొమ్మకు తగలని గుళ్ళు కట్ట మీదుగా పోతాయి. కట్ట వెనక కొండే. ఆ కొండ మీద చిట్టెమ్మ ఆకులు కోస్తూనే ఉంటుంది. మోగలేదు కనక దిగదు.

వాకీటాకీ మీట నొక్కాడు. "బాబూ..."

"ఏమిటి?"

ఇరవై రెండేళ్ళలో ఆఫీసరుతో అతను చిల్లుల లెక్క తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

"ఏటీ నేదు బాబూ."

బొమ్మ పైకెత్తాడు. కాగితం తప్‌మంది. వెనక కట్టలో మట్టి రాలింది. తుపాకీ మాత్రం మోగలేదు. నిక్కరు తడిసింది. ఎవరిని తిట్టాలో తెలియక తనను తానే తిట్టుకున్నాడు. అప్పుడు, ఆ తిట్ల మధ్యలోనే, మూలనున్న ఎర్ర జెండా కర్ర పట్టుకుని మెట్లెక్కి బొమ్మ ముందు నిలబడ్డాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. వచ్చే గుండు వినబడదని తెలుసు. అయినా వింటూనే ఉన్నాడు.

జీపు వచ్చి ఆగింది. ఆఫీసరు లక్ష్మీప్రసాద్ దిగాడు. నెమ్మదైన మనిషి, చేతిలో అట్టకు బిగించిన కాగితాలు.

"చచ్చేవాడివయ్యా! నా వేలు ట్రిగ్గరు మీదే ఉంది."

"కొండ మీద ఆడోళ్ళున్నారు బాబూ. సప్పుడు రానేదు. ఆళ్ళకి తెల్దు."

"నీకు వినబడలేదా?"

"నేదు బాబూ."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటీ నేదు."

ఆఫీసరు, తన వెంట జీపు దిగిన పైడిరాజు వైపు తిరిగాడు. "ఇతని చెవులు బాగానే పనిచేస్తాయా?"

"రైలు సొరంగంలో ఉండగానే సెప్పేత్తాడు సార్."

ఆఫీసరు ముఖం విప్పారింది. తుపాకీ బరువు తక్కువ, విడదీసి పెట్టెలో పెట్టుకోవచ్చు, మూడొందల మీటర్ల దగ్గర మనిషికి వినబడదు. గబగబా రాసుకుని, చివర గాసి చేత వేలిముద్ర వేయించాడు. గాసి సిరా మరక చూసుకున్నాడు. తాను దేనికి భయపడ్డాడో, దానికే తన వేలితో మంచి మార్కులు వేశాడని అతనికి అర్థమైంది.

"నువ్వే వెళ్ళి వాళ్ళను దింపు. నువ్వు చెప్పేదాకా కాల్చం" అన్నాడు ఆఫీసరు. పైడిరాజుతో గొంతు తగ్గించి, "రేపట్నుంచి ఇతన్ని పెట్టొద్దు. కాల్పుల మధ్య పైకొచ్చేవాడితో పని కాదు" అన్నాడు. గాసికి అదీ వినబడింది.

కొండ ఎక్కుతూ పేరు పెట్టి అరిచాడు. తుప్పలు పట్టుకుని, కాళ్ళు జారుతూ, మళ్ళీ అరుస్తూ ఎక్కాడు. జవాబు రాని ప్రతిసారీ అతని పై ప్రాణాలు పైనే పోతున్నాయి.

"ఏటలా కూతలెడతన్నావు?" ఊట దగ్గర మూతి తుడుచుకుంటూ చిట్టెమ్మ లేచింది. "ఇయ్యాల కాలుపులు నేవేటి?"

గాసి అక్కడే చతికిలబడి ఏడ్చాడు. ఆమె ఎప్పటి భయమే అనుకుంది. పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"పొద్దున్నుంచీ నడుం పట్టేసింది. ఆ ఆకుల కట్టకి ఆనుకుని కూకున్నాను. దాహమేత్తే ఇలాగొచ్చాను. పద, కట్ట ఎత్తు."

అడ్డాకుల కట్ట చెట్టు మొదలుకు ఆనించి ఉంది. గాసి దాని ముందు వంగి, అలాగే ఉండిపోయాడు.

"ఏ పురుగే ఇది?" అంది చిట్టెమ్మ అతని భుజం మీదుగా చూస్తూ. "ఇప్పుడు కోసిన ఆకుని ఇలా తొలిసేసింది!"

"వొగ్గేయే."

"పొద్దున్నుంచీ పడ్డ కట్టం..."

"వొగ్గేయమన్నాను!" పెళ్ళయ్యాక అతను ఆమె మీద గొంతెత్తడం అదే మొదటిసారి. ఆమె కత్తి నడుముకు దోపుకుంది. మిగతా ఆడవాళ్ళను కూడా కేకేసి, అతని చెయ్యి పట్టుకుని గెడ్డ దారిన దింపింది. ఆ మర్నాడు గాసి మైదానానికి వెళ్ళలేదు. ఆ తర్వాత ఇద్దరూ ఆ కొండా ఎక్కలేదు.

కట్ట చెట్టు దగ్గరే ఉండిపోయింది. ఎండకు ఆకులు ముడుచుకుని గోధుమరంగుకు తిరిగాయి. పై ఆకు నుంచి కింది ఆకు దాకా, అన్నిటికీ ఒకే చోట, చిటికెనవేలు పట్టేంత గుండ్రని చిల్లు.