ఇంకేటి ఒగ్గాల?

అప్పలరాజు కుటుంబం సముద్రం కనిపించని చోట కాపురం పెడుతుందని పెదజాలరిపేటలో ఎవరూ అనుకోలేదు. తాతల నాటి నుంచి వాళ్లది వేటే. అప్పలరాజు హార్బర్ నుంచి బోటు మీద వెళ్తే వారానికో పది రోజులకో తిరిగొచ్చేవాడు. భార్య గంగాలమ్మ ఇంటి ముందు చేపలు ఎండబెట్టి పూర్ణా మార్కెట్‌కు తీసుకెళ్లి అమ్మేది. అలాంటి వాళ్లు ఊరొదిలి పెందుర్తిలో, కొత్తగా లేచిన కాలనీలో, ఒక గదీ వంటిల్లూ ఉన్న వాటాలోకి మారిపోయారు. కూతురు సాయిదుర్గ కోసం మారారు.

సాయిదుర్గకు పద్నాలుగేళ్లు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. అదే పేటలో ఉబ్బసం ఉన్న పిల్లలు ఇంకా ఉన్నారు. పీల్చే మందు వేసుకుంటే వాళ్లకు తగ్గేది, మళ్లీ ఆడుకునేవారు. ఈ పిల్లకు తగ్గేది కాదు. మందు మోతాదు పెంచారు, ఇంకో మందు కలిపారు, చివరికి స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. మాత్రలకు మొహం ఉబ్బి బుగ్గలు కళ్లను మూసేశాయి. బళ్లో పిల్లలు నవ్వుతారని సాయిదుర్గ చున్నీతో సగం మొహం కప్పుకుని వెళ్లేది. అయినా ఆయాసం వదల్లేదు. రెండుసార్లు ఐసీయూ దాకా వెళ్లొచ్చింది.

ద్వారకా నగర్‌లో వాళ్లు చూపించుకునే డాక్టర్ రమణమూర్తి ప్రతిసారీ ఒకటే అడిగేవాడు. "మందు సరిగ్గా వాడుతున్నారా?"

"వాడతన్నాం బాబూ. నా కళ్లెదురుగానే పీలిపిత్తన్నాను" అనేది గంగాలమ్మ.

"వాడితే ఇలా ఎందుకుంటుందమ్మా? ఇంట్లో ఎండుచేపలు, పొయ్యి పొగ, దుమ్ము. అవన్నీ మానకుండా నా దగ్గరికొస్తే నేనేం చేస్తాను?"

గంగాలమ్మ చేపలు ఎండబెట్టడం మానేసింది. అగరొత్తులు మానేసింది, దోమల చుట్టలు మానేసింది. పరుపు తీసేసి పిల్లను చాప మీద పడుకోబెట్టింది. పిల్ల చంకనెత్తుకు తిరిగే పిల్లిని పక్క వీధిలో ఇచ్చేస్తే సాయిదుర్గ రెండు పూటలు అన్నం తినలేదు. ఏదీ పనిచేయకపోయేసరికి ఊరే వదిలేశారు.

పెందుర్తికి వచ్చాక మొదటి నెల బాగానే గడిచింది. గంగాలమ్మ సింహాద్రి అప్పన్నకు దండం పెట్టుకుంది. మంచు కాలం రాగానే ఆయాసం మళ్లీ మొదలైంది, మునుపటికంటే గట్టిగా. వేట నుంచి వచ్చిన అప్పలరాజు గుమ్మంలో నిలబడే కూతురి మెడ దగ్గర గుంటలు పడుతూ లేస్తున్న చర్మాన్ని చూశాడు.

"మల్లీ ఏటైనాది? ఏటి పెట్టినావు దానికి?" అన్నాడు భార్యతో.

"నానేటి పెడతాను మావా? డాకటరు సెప్పిందే సేత్తన్నాను."

"ఊరొగ్గేసినాం. సముద్రం ఒగ్గేసినాం. నువ్వు యాపారం ఒగ్గేసినావు. ఇంకేటి ఒగ్గాల?"

చాప మీద ముందుకు వంగి మోకాళ్ల మీద చేతులానించి కూర్చున్న సాయిదుర్గ, మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ, "నన్ను... ఒగ్గీండి... అయ్యా" అంది. అప్పలరాజు గిరుక్కున తిరిగి బయటికి వెళ్లిపోయాడు. వీధి చివర విద్యుత్ స్తంభానికి ఆనుకుని చాలాసేపు ఏడ్చాడని తర్వాత ఆటో నడిపే ఇంటి ఓనరు గవర్రాజు చెప్పాడు.

ఆ తర్వాతి వేటకు అతను వెళ్లనన్నాడు. వెళ్లకపోతే ఎలా గడుస్తుందని గంగాలమ్మే పంపింది. బోటు బయల్దేరిన మూడో రోజు పొద్దున, బడికి జడ వేయించుకుంటూ సాయిదుర్గ తల్లి చేయి గట్టిగా పట్టుకుంది.

గంగాలమ్మ మందు పీల్పించింది. కాసేపాగి మళ్లీ పీల్పించింది. మిషను పెట్టి ఆవిరి పట్టించింది. గదంతా పిల్లికూతలే. పిల్ల పెదాలు రంగు మారాయి. ఉన్నట్టుండి కూతలు ఆగిపోయాయి. తెలియని వాళ్లయితే తగ్గిందని సంతోషించేవారు. గంగాలమ్మ మాత్రం వీధిలోకి పరిగెత్తింది. కూత రావడానికి కూడా లోపల గాలి ఆడకపోతేనే అలా అవుతుందని కిందటిసారి ఐసీయూలో నర్సు చెప్పింది.

"గవర్రాజూ! ఆటో తియ్యి! నా గుంట పోతన్నాది!"

గవర్రాజు సగం గడ్డం గీసుకున్నవాడు అలాగే వచ్చి ఆటో తీశాడు. గంగాలమ్మ కూతురిని ఒళ్లోకి లాక్కుని కూర్చుంది. గోపాలపట్నం దాకా పర్వాలేదు. ఎన్ఏడీ కూడలి దగ్గరికొచ్చేసరికి స్కూలు బస్సులూ లారీలూ కలిసి దారి మూసుకుపోయింది. గవర్రాజు హారను మీద నుంచి చేయి తీయలేదు.

"అక్కా, పిల్ల కల్లు తెరిసుందా?"

"తెరిసుంది. నన్ను సూత్తన్నాది. నానేటి సెయ్యాల గవర్రాజూ, నన్నే సూత్తన్నాది!"

గవర్రాజు ఆటో దిగిపోయి బస్సుల ముందు నిలబడి దండాలు పెట్టాడు. ట్రాఫిక్ పోలీసు వచ్చి లోపలికి తొంగి చూసి, పరిగెత్తుకుంటూ వెళ్లి లారీని వెనక్కి నెట్టించాడు. కంచరపాలెం దాటేసరికి సాయిదుర్గ తల గంగాలమ్మ భుజం మీద వాలిపోయింది.

పెద్దాసుపత్రిలో స్ట్రెచర్ మీద వేసి తీసుకెళ్లారు. లోపల ఏం జరిగిందో గంగాలమ్మకు తెలియదు. ఒక డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పింది. ఆమె పేరు సూర్యకళ.

"గొంతులో గొట్టం వేసి మిషన్ మీద పెట్టామమ్మా. గుండె కొట్టుకుంటోంది. ఇప్పుడే ఏమీ చెప్పలేను."

గంగాలమ్మ ఆమె కాళ్ల మీద పడింది. "అమ్మా, మందు మానలేదమ్మా. సత్తె పెమానకంగా ఒక్క పూట కూడా మానలేదు. నా మాట నమ్మమ్మా!"

సూర్యకళ ఆమెను లేపి బెంచీ మీద కూర్చోబెట్టింది. "నేనేమీ అడగలేదు కదమ్మా" అంది.

సముద్రంలో ఉన్న బోటుకు హార్బర్ నుంచి వైర్‌లెస్‌లో కబురు పెట్టారు. వేట వదులుకుని బోటు వెనక్కి తిరిగింది. మర్నాడు మధ్యాహ్నానికి అప్పలరాజు ఒంటి మీద లుంగీ, బనీనుతోనే వచ్చాడు. ఐసీయూ తలుపు దగ్గర నర్సు లోపలికి రమ్మంటే రాలేదు.

"నా ఒల్లంతా సేపలోసన. ఎల్లకూడదు తల్లీ" అన్నాడు.

ఆసుపత్రి వెనక కుళాయి కింద కూర్చుని, ఎవరో ఇచ్చిన సబ్బు అరిగిపోయేదాకా ఒళ్లు తోముకున్నాడు. గవర్రాజు తన చొక్కా తెచ్చి ఇచ్చాడు. అప్పుడు లోపలికి వెళ్లి, మంచానికి దూరంగానే నిలబడి, గొట్టాల మధ్య కూతురిని చూశాడు. ముట్టుకోలేదు.

నాలుగో రోజు గొట్టం తీశారు. సాయిదుర్గ బతికింది. వార్డులోకి మార్చాక మందులన్నీ నర్సులే వేళకు ఇచ్చారు. పీల్చేటప్పుడు సూర్యకళ స్వయంగా పక్కన నిలబడి చూసింది. అయినా ఊపిరి పరీక్షలో అంకె ఉండాల్సినదాంట్లో సగం కూడా దాటలేదు. ఒక సాయంత్రం తల్లినీ తండ్రినీ తన గదికి పిలిచింది.

"ఇన్నాళ్లూ మందు మా చేతుల మీదుగానే వెళ్లింది. పిల్ల సరిగ్గానే పీలుస్తోంది. ఇక్కడ పొగ లేదు, దుమ్ము లేదు. అయినా తగ్గలేదు. మీ తప్పేమీ లేదు. కొద్దిమంది పిల్లల్లో ఈ జబ్బు ఇంతే, మామూలు మందులకు లొంగదు."

మీ తప్పేమీ లేదు అన్న మాట కోసం గంగాలమ్మ ఏళ్ల తరబడి ఎదురుచూసింది.

"తప్పు మాదైతే దిద్దుకుందుం కదమ్మా" అంది. "ఏటీ నేదంటే ఇంక నానేటి దిద్దుకోను?"

సూర్యకళ నెమ్మదిగా చెప్పింది. రక్తపరీక్షలో ఒక రకం కణాలు బాగా ఎక్కువగా ఉన్నాయి, అలాంటి వాళ్లకు నెలకోసారి వేసే ఇంజెక్షన్ ఒకటుంది, ఇప్పించడానికి తాను ప్రయత్నిస్తుంది. "కొందరికి బాగా పనిచేస్తుంది. కొందరికి చేయదు. నెలలు గడిస్తే గానీ తెలియదు. అప్పటిదాకా ఇలాంటి ఎటాక్ మళ్లీ రాదని నేను మాటివ్వలేను."

వార్డులో సాయిదుర్గ గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. తండ్రిని దగ్గరికి రమ్మంది.

"పెందుర్తి ఎల్లను అయ్యా. మన పేటకి ఎల్లిపోదాం."

"అక్కడ నీకు పడదమ్మా."

"పెందుర్తిలో పడిందేటి? అక్కడైతే పక్కింటి అప్ప ఉంటాది, నా జతగత్తెలుంటారు. నాను సచ్చిపోతే కూడా పెందుర్తిలో ఎవులికీ తెల్దు."

ఆసుపత్రికి వచ్చాక మొదటిసారి అప్పలరాజు ఆమె తల మీద చేయి వేశాడు.

సూర్యకళ ముందు ఒప్పుకోలేదు. చేపలు ఎండబెట్టే వీధికి దూరంగా, పైన రోడ్డు పక్కన ఇల్లు చూసుకుంటేనే అంది. ఉగాదికి ముందు వాళ్లు పేటకు తిరిగొచ్చారు. గంగాలమ్మ ఎండుచేపల జోలికి వెళ్లకుండా పేటలోకి దిగే మెట్ల దగ్గర కూరగాయలు పెట్టుకుని కూర్చుంది.

పేటకు రాకముందే వేసిన మొదటి ఇంజెక్షన్ తర్వాత ఏ తేడా లేదు. రెండోదాని తర్వాత ఆయాసం వచ్చి ఒక రాత్రంతా ఆసుపత్రిలో ఉంచారు. ఆ రాత్రి గంగాలమ్మ ఏ దేవుడికీ మొక్కుకోలేదు, మొక్కులు అయిపోయాయి. మూడోది వేసిన నెల ఆటో ఎక్కే అవసరం రాలేదు. నాలుగో నెల కూడా రాలేదు.

వేసవిలో, ప్రభుత్వం ఏటా పెట్టే వేట నిషేధం వల్ల అప్పలరాజు ఇంటి పట్టునే ఉన్న రోజుల్లో, సూర్యకళ స్టెరాయిడ్ మాత్ర సగానికి తగ్గిద్దామంది. గంగాలమ్మ లేచి నిలబడింది.

"ఒద్దమ్మా. తగ్గించొద్దు. మీకు దండమెడతాను."

"బాగున్నప్పుడే కదమ్మా తగ్గించాలి."

"బాగుందని సెప్పకండమ్మా. ఆ మాటంటేనే బయమేత్తన్నాది."

సాయిదుర్గ తల్లి చేయి పట్టుకుని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టింది. "తగ్గించండి డాకటరు గారూ" అంది. "నా మొకం నాకు కావాల."

సూర్యకళ చీటీ మీద మోతాదు కొట్టేసి సగం రాసింది. గంగాలమ్మ ఆ చీటీ తీసుకుంది గానీ, ఫార్మసీ వరుసలో నిలబడ్డాక దాన్ని కిటికీలోకి అందించడానికి చాలాసేపు ఆమె చేయి లేవలేదు. వెనక వాళ్లు కానిమ్మని కేకలేశారు. అప్పుడిచ్చింది.