పూసలు లేని పోగు

ఇలోనా పోయిన రోజు మంగళవారం. మూడో పీరియడ్‌లో ఆమ్లాలు, క్షారాల పాఠం చెబుతున్నాను. ఆఫీసు నుంచి కబురొస్తే మార్కర్‌కు మూత పెట్టి బయటికి నడిచాను. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. నా చెల్లెలికి నలభై ఒక్క ఏళ్లు.

ఆమె పోయిన కొన్నాళ్లకు, ఏప్రిల్‌లో డాక్టర్ వాన్స్ ఫోన్ చేసింది. అక్రాన్ ఊళ్లో మూతపడిన ఒక టైర్ల కర్మాగారంలో ఆమె ప్రయోగశాల ఉంది. ఇలోనా తొమ్మిదేళ్లు పనిచేసింది అక్కడే. కాలినచోట కొత్త చర్మం పెరగడానికి ఆధారంగా పరిచే పలచని పొరను తయారుచేస్తారు. జెలటిన్‌ను జీవకణాలు పట్టుకుంటాయి గాని అది తడికి నిలవదు. ప్లాస్టిక్ నిలుస్తుంది, కణాలు దాన్ని పట్టుకోవు. రెండింటినీ ఒకే ద్రావణంలో కలిపి, సూది మొన నుంచి విద్యుత్తుతో లాగి, వెంట్రుక కన్నా ఎంతో సన్నని పోగులు తీయడం ఇలోనా పని.

"ఆమె తీసిన పోగు మాకు రావడం లేదు. దాని మీద మా వ్యాసం వేసిన సైన్సు పత్రికవాళ్లు మళ్లీ చేసి చూపించమన్నారు. నెలాఖరులోగా చూపించలేకపోతే వ్యాసం వెనక్కి తీసుకోవాలి," అంది. కాస్త ఆగి, "ఫొటోల్లో మంచివే ఏరి పెట్టిందేమో అంటున్నారు. నేననడం లేదు," అంది.

శనివారం వెళ్లాను. ఇలోనా పక్కనే పనిచేసిన ముసలి టెక్నీషియన్ డరిల్ తలుపు తీశాడు.

"రండి మాస్టారూ. మీ చెల్లెలు చేస్తే సాలెగూడు, నేను చేస్తే పూసలదండ," అంటూ మైక్రోస్కోపు తెర చూపించాడు. పోగు పొడవునా బుడిపెలు.

"ఆమె రాసినట్టే చేశారా?"

"పొల్లు పోకుండా. మూడు వారాలుగా ఇదే పారాయణం. మా ఆవిడ చెప్పిన మాట ఒక్కసారైనా ఇంత శ్రద్ధగా వినుంటే ఇంకా నాతోనే ఉండేది."

ఇలోనా నోటుపుస్తకం నా ముందుకు జరిపాడు. ఆ దస్తూరీ చూశాక కాసేపు ఏమీ చదవలేకపోయాను. తూకాలు, దూరం, వోల్టేజీ, గదిలో తేమ, అన్నీ ఉన్నాయి.

సాయంత్రం కలిపిన ద్రావణాన్ని తెల్లవార్లూ తిరగనిచ్చి పొద్దున పోగు తీయడం అక్కడి పద్ధతి. డరిల్ సీసా ఎత్తి చూపించాడు. విరిగిన పాలలా ఉంది.

"ఆమెదీ ఇలాగే ఉండేదా?"

"ఎక్కడ! నీళ్లలా తేటగా ఉండేది. ఎలాగమ్మా అంటే, నీ చెయ్యి మంచిది కాదు డరిల్ అని నవ్వేది."

ఇలోనా ఆదివారాలు మా ఇంట్లో భోంచేసేది. ఏదైనా అందించినప్పుడు ఆమె చేతి నుంచి పుల్లటి వాసన వచ్చేది. "నువ్వు పనిచేసేది ల్యాబులోనా, ఊరగాయల కొట్లోనా తల్లీ?" అనేది నా భార్య. "రెండుసార్లు కడిగాను వదినా, వదలదు," అనేది.

"ఈ గదిలో వెనిగర్ వాసన వేసేది ఏముంది?" అని అడిగాను.

"ఎసిటిక్ ఆమ్లం. కానీ దీంట్లో అది పడదే. ఆమె రాయలేదు."

"ఒక్క చుక్క వేసి చూద్దాం."

"వెనిగర్ పడితే పాలు విరుగుతాయి మాస్టారూ."

"ఇవి ఎలాగూ విరిగాయి."

చుక్క పడ్డాక ద్రావణం తేటపడి, సీసా అవతల ఉన్న డరిల్ వేళ్లు కనిపించాయి. మధ్యాహ్నానికి తెర మీద నున్నటి పోగులు పరుచుకున్నాయి.

డాక్టర్ వాన్స్ వచ్చి చాలాసేపు చూసి కుర్చీలో కూలబడింది. "వ్యాసం నిలబడుతుంది. కానీ ఈ చుక్క ఆమె పేజీలో చేర్చలేం, ఫొటోలు ఏరిందన్న అనుమానమూ పోదు. ఆమె వేయగా ఎవరైనా చూశారా?"

"నేను చూశానని సంతకం పెడతా," అన్నాడు డరిల్.

"చూశారా?" అన్నాను.

అతను పెన్ను కింద పెట్టాడు.

రాయనిది చేసినట్టు కాదని ఏటా క్లాసులో చెబుతాను. ఇలోనా కూడా ఒక ఏడాది నా క్లాసులో కూర్చుంది. సరిగ్గా ఇందుకే ఆమెకు రెండు మార్కులు తగ్గించాను.

"ఆ వాసన సంగతి మీ మాటల్లో రాసివ్వండి," అంది డాక్టర్ వాన్స్. "పత్రికకు పంపే జవాబుతో జతచేస్తాను. రుజువు కాదు. అయినా ఆమె తరఫున ఒక మాట ఉంటుంది."

వారమంతా కాగితం ముందు కూర్చున్నాను. ఉన్నదానికి మించి చెప్పకూడదు, తగ్గించీ చెప్పకూడదు. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులుంది. ఆ వాసన గురించి ఒక్క వాక్యం కూడా ఇంకా రాయలేదు.