హీరోగారి టైము

మా హీరోగారు ఎక్కడికైనా రెండు గంటలు ఆలస్యంగా వస్తారు. అందుకే తొమ్మిదికి షూటింగైతే ఆయనకు ఏడని చెబుతాం. అది అబద్ధం కాదు. ఫిల్మ్‌నగర్లో ప్రొడక్షన్ మేనేజరు పనికి అవే ఓనమాలు.

ఆయన సరదాగా తిరిగొద్దామని డల్లాస్ వెళ్లారు. డైరెక్టరుగారు ఫోన్లోనే కథ వినిపిస్తానన్నారు. మన పొద్దున తొమ్మిదికి అక్కడెంతని మా అమ్మాయి జెరూషని అడిగాను. మాదాపూర్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజూ అమెరికావాళ్లతోనే మాటలు.

"ముందురోజు రాత్రి పదిన్నర నాన్నా."

"అందులోంచి రెండు గంటలు తీసెయ్."

"ఎందుకు? కరెక్టుగానే చెప్పాగా."

"నువ్వు చెప్పింది అమెరికా టైము. హీరో టైము నీ కంప్యూటర్లో ఉండదు."

రాత్రి ఎనిమిదిన్నరకు మన ఆఫీసుకు ఫోన్ చెయ్యండని హీరోగారికి చెప్పాను.

మర్నాడు తొమ్మిదికి డైరెక్టరుగారితో జూబ్లీహిల్స్ ఆఫీసుకు చేరాను. వాచ్‌మన్ పోచయ్య గేటు తీస్తూ, "సుందర్ రాజు సార్, పొద్దుగాల ఏడింటికే హీరో సార్ ఫోన్ చేసిండు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లలో ఒక్కరోజూ టైముకి రాని మనిషి, అమెరికా వెళ్లిన వారానికే పాడైపోయాడు.

"ఏమన్నారు?"

"ఒక్కలు గూడ రాలేదా అని గరమైండు."

"నువ్వేమన్నావు?"

"ఉన్న మాటే చెప్పిన సార్. ఫికర్ చెయ్యకుండ్రి, మీరు రోజు వచ్చే టైముకల్ల అందరొస్తరన్న."