గుర్వయ్య మంద మీద నా పేరు

"సాల్మన్, రోడ్డు మీదికి రెండు బోర్లు రాయాలె" అన్న ఫోన్ల. నా నెత్తి మీద ఫ్లైఓవర్, దాని మీద లారీలు. ఆ మోతల మా పెయింటర్‌కు ఏం వినపడ్డదో ఏమో.

"రాస్త గని దశరథన్నా, కదలకుంట నిలబడ్తయా?"

"కదలకుంట పాతుదాం."

"పాతుతవా? బతికే ఉన్నయా అవి?"

"బతికిద్దామనే గదరా గీ తిప్పలు" అన్న, నా వ్యాపారం గురించి అడుగుతాండనుకొని.

తెల్లారి సాల్మన్ ఎర్ర రంగు డబ్బతో వచ్చి, హోటల్ ముందట చూసి, ఎనక చూసి, "గొర్లేవి అన్నా?" అన్నడు.

బోర్లంటే నేను బోర్డులన్న. ఆయనకు గొర్లని వినపడ్డది.

నా పేరు దశరథ్. దశ లేదు, రథమూ లేదు, గాలి తక్కువున్న సైకిలొకటి ఉన్నది. చిట్యాలల హైవే పక్కన చాయ్ హోటల్ నాది. ఒకప్పుడు విజయవాడ బస్సులు ముందటనే ఆగేవి. ఫ్లైఓవర్ వచ్చినంక బస్సులు ఓవర్, నాకు మిగిలినయి ఫ్లైలు. చాయ్ ఉన్నది, మనిషి ఛాయ లేదు. పెండ్లి సంబంధాలు గూడ ఇట్లనే నా నెత్తి మీదికెల్లి పోయినయి గని, అప్పటికింకా ఫ్లైఓవర్ కట్టలేదు.

పక్కన పంక్చర్ షాపు గోపాల్ ఊరు దాటినంక కిరాయికి జాగా దొరికిందని పోయిండు. పాన్‌డబ్బ పోయింది. కటింగ్ షాపు పోయింది. వాళ్లు పోయినంక తెలిసింది, నా జోకులకు జనం వాళ్లేనని. ఇప్పుడు జోకేస్తే ఫ్లైఓవర్ కింద తిరిగి నాకే వినపడ్తది. రెండోసారి వింటే నాకే నవ్వు రాదు.

మిగిలింది గుర్వయ్య ఒక్కడు. గొర్లకాపరి. పొద్దుగాల మందను ఫ్లైఓవర్ కిందికెల్లి తోలుకపోతూ ఒక చాయ్ తాగుతడు. మాట తక్కువ మనిషి. ఆయనకొక అలవాటు, నిన్నటి జోకుకు ఇయ్యాల నవ్వుతడు. చాయ్ గ్లాసు చేతిల పట్టుకొని, ఊరికెనే, చిన్నగ. నేను అప్పుడు నిన్న ఏమన్ననో యాది చేసుకోవాలె. అయినా ఆ నవ్వు కోసమే పొద్దుగాల పొయ్యి ముట్టిస్తున్ననని నాకు ఎరుకే.

ప్రచారం చెయ్యక కాదు. పేపర్ల పాంప్లెట్లు పెట్టించిన, అవి తిరిగి నా దగ్గరికే మిర్చీబజ్జి పొట్లమై వచ్చినయి. ఫోన్ల స్టేటస్ పెట్టిన. చూసినోళ్లు ఇద్దరు, ఒకరు పాలాయన, ఇంకొకరు రాంగ్ నంబర్. ఇనుప ఫ్రేముతో బోర్డు పెడ్దామంటే బోరు వేసినంత ఖర్చు చెప్పిండ్రు. అందుకనే సాల్మన్‌ను పిలిచి, పాత రేకుల మీద రాయమందామనుకున్న.

సాల్మన్ గొర్లేవని అడుగుతాంటే, గప్పుడే గుర్వయ్య మంద వచ్చింది. తెల్లటి గొర్లు, ఎర్ర రంగు డబ్బ, ఖాళీగున్న పెయింటర్. నా బుర్రల బల్బు వెలిగింది. చిట్యాల సుట్టు ఊర్లన్నీ తిరుగుతయి, మోత్కూర్ దాకా పోతయి. కాళ్లున్న బోర్డులు. కిరాయి లేదు, కరెంటు లేదు.

"గుర్వన్నా, జర నీ గొర్ల మీద నా పేరు రాస్కుంట" అన్న.

గుర్వయ్య చాయ్ పక్కన పెట్టిండు. "కొన్నోడే రంగు పూస్తడు తమ్మి" అన్నడు.

ఆ మాట నిజమే. సంతల గొర్రెను కొన్న బేపారి అక్కడికక్కడ దాని మీద తన రంగు వేసుకుంటడు. అదే నిశాని. గుర్వయ్య నిశాని తోక దగ్గర రెండు నీలి సుక్కలు. వాళ్ల నాయిన కాటమయ్య కాలం నుంచి అవే.

"నేను కొనేది చాయ్‌పత్తి, చక్కెర. గొర్లను కొనే మొఖమా ఇది?" అన్న. "వానలు పడ్తే రంగు పోతది. ఎవ్వలేమనుకుంటరు?"

గుర్వయ్య నా ఖాళీ బెంచీల దిక్కు చూసిండు. "సరే, రాస్కో" అన్నడు.

గొర్రెకొక "ద" అక్షరం. ముందట నడిచే పొట్టేలుకు పొట్ట పెద్దది గనుక ఒకపక్క "దశరథ్", నా ఫోన్ నంబరు, ఇంకోపక్క "చాయ్ హోటల్, ఫ్లైఓవర్ కింద". అంతా బాగుండు గని, ఆ పొట్టేలుకు దురద. కనపడ్డ తుమ్మచెట్టుకల్లా ఒకే పక్క రుద్దుకుంటది. మోత్కూర్ చేరేసరికి చాయూ పోయింది, హోటలూ పోయింది. దశరథ్, ఫోన్ నంబరు మిగిలినయి.

ఇగ ఫోన్లు మొదలైనయి.

"దశరథ్ సేటేనా? మా చేన్ల మంద ఎప్పుడు పెడ్తరు?"

రాత్రిపూట గొర్లను చేన్ల పండబెడితే పెంట ఎరువైతది. దానికి రైతు కాపరికి ఇంతని ముట్టజెప్తడు. ఆ బేరం ఎప్పుడైనా మంద ఎవలిదో వాళ్లతోనే.

"మంద నాది కాదే, నాది చాయ్" అన్న.

"చాయ్‌దేముంది, చాయ్ మేమే పోస్తం. మంద పంపు."

అందరికీ చెప్పిన. ఎవ్వలూ వినలేదు. నా మాట అయ్యేలోపు వాళ్ల బోరు ఎండిన సంగతి, పత్తికి పురుగు తగిలిన సంగతి చెప్పేటోళ్లు. నేను ఊకొట్టేటోణ్ణి. ఒకాయన మనుమరాలికి పేరు పెట్టమని అడిగిండు. హోటల్ల గిరాకీ మందకొడే గని, మంద వల్ల ఫోన్‌కు తీరిక లేదు. మనుషులు నాతోని మాట్లాడుతున్నరు, ఎవలనుకొని మాట్లాడితేంది అనిపించింది.

మంద తిరిగి వచ్చిందని తెలిసింది గని, గుర్వయ్య ఫ్లైఓవర్ కిందికి రాలేదు. చెరువుకట్ట దిక్కుకెల్లి సుట్టు తిరిగి పోతాండని పాలాయన చెప్పిండు. పొయ్యి మీద చాయ్ మరిగి మరిగి నల్లబడ్డది.

ఒకనాడు పగటీలి గుర్వయ్య భార్య బీరమ్మ వచ్చింది. కూసోమంటే కూసోలేదు.

"ఏమయ్యా దశరథూ, మా ఇంటాయన నీ దగ్గర ఎప్పటిసంది జీతముంటాండు?"

"గదేంది వదినా?"

"గదేందా? మోత్కూర్ల మంద పెడ్తనంటే, 'నువ్వు జీతగానివి, మీ సేటుతోని మాట్లాడినం పో' అన్నరట. మా తమ్ముడు ఫోన్ జేసి, 'మంద అమ్ముకొని గూడ మాకు చెప్పవా అక్కా' అంటాండు. నేనేం చెప్పాలె?"

"గుర్వన్న నాతోని చెప్పొచ్చు గదా."

"ఆయన చెప్తడా? నువ్వు ఒంటిగున్నవని రాయనిచ్చిండు. ఇప్పుడు నీ మనసు నొస్తదని సుట్టు తిరిగి పోతాండు." బీరమ్మ కొంగుతో మొఖం తుడుచుకున్నది. "ఆదివారం సంతల మల్లప్ప పెద్దమనిషి మందలన్నీ జమ జేస్తడు, మేతకు దక్షిణం దిక్కు ఆత్మకూర్ దాకా పోవాలె. సొంత మంద ఉన్నోళ్లకే అక్కడ మాట ఉంటది. జీతగాడంటే ఎనక నడువుమంటరు."

"కిరోసిన్‌తోని తుడుస్త వదినా."

"తోలు ఊడుతది. గొర్రెదీ, తర్వాత నీదీ."

మార్కెటింగ్ల నన్ను ముంచింది మార్కే.

ఆదివారం హోటల్ మూసి సంతకు పోయిన. తలుపు మూసినట్టు ఎవ్వలకూ తెల్వదు, తెరిచిన సంగతే తెల్వకపాయె. ఉల్లిగడ్డలమ్మే ఆటోల మైకుంటే అడిగి తీసుకున్న. కాపరులు, రైతులు, బేపారులు తిరిగి చూసిండ్రు. ఎన్నేండ్లయిందో నా ముందట గంత జనం నిలబడక. గుర్వయ్య దూరంగ, గొర్ల నడుమ, కట్టె మీద గదువ ఆనించి నిలబడ్డడు.

"అన్నలారా, నేనే దశరథ్‌ను. ఫోన్ల మీరు మాట్లాడిన సేటును. నాకు గొర్రె లేదు, గొర్రె తోక లేదు. గా మంద గుర్వయ్యది, వాళ్ల నాయిన కాటమయ్యది. తోక దగ్గర నీలి సుక్కలు చూడుండ్రి, అదీ నిశాని. గీ ఎర్ర రాత కొన్న రంగు కాదు. బోర్డుకు పైసలు లేక, గుర్వన్న ముందే చెప్పినా వినకుంట నేను రాసుకున్న. బోర్డు పెట్టబోయి బోర్ల పడ్డ."

జనం నవ్విండ్రు. నవ్వు ఎంత పెద్దగుంటదో మర్చిపోయిన నేను.

మల్లప్ప ముందటికొచ్చి ఒక గొర్రెను పట్టుకొని తోక లేపి చూసిండు. "సుక్కలున్నయి. మంద గుర్వయ్యదే. మనతోని ముందటనే నడుస్తడు" అన్నడు. మోత్కూర్ రైతొకాయన గుర్వయ్య దగ్గరికి పోయి ఏదో చెప్పి భుజం మీద చెయ్యేసిండు.

"సరేగని సేటూ, దేనికి బోర్డు నీది? దుకాణమెక్కడ?" అని ఎనకకెల్లి ఎవలో అడిగిండ్రు.

చేతిల మైకు, ముందట జనం. రూపాయి ఖర్చు లేని ప్రచారం. నోటిదాకా వచ్చింది. కానీ ఇక్కడ చెప్తే, మళ్ల గుర్వన్న గొర్ల మీద రాసుకున్నట్టే.

"అది ఇయ్యాల చెప్ప. ఇయ్యాల మంద ఎవలిదో చెప్పనీకె వచ్చిన" అని మైకు ఇచ్చేసిన. ఉల్లిగడ్డలాయన మళ్ల ఉల్లిగడ్డలంటూ మొదలుపెట్టిండు.

మందలన్నీ కలిసి దక్షిణం దిక్కు కదిలినయి. గుర్వయ్య నా పక్కకెల్లి పోతూ ఆగి, "వానలు పడ్డంక వస్త తమ్మి, చాయ్ పెట్టు" అన్నడు. బోర్ల పడ్డ మాటకు ఆయన నవ్వలేదు. రేపు నవ్వుతడు. రేపటికి నల్లగొండ తొవ్వల ఎక్కడో ఉంటడు. ఎందుకు నవ్వుతాండో పక్కనున్నోళ్లకు తెల్వది. అడిగితే, మొత్తం మళ్ల మొదటికెల్లి చెప్తడు కావచ్చు.